పర్లాకిమిడి పాత ఫైరింజనును ఇంటికి చేర్చిన గ్యారేజీ: పనితనంపై ఒక సమీక్ష

ఒడిశాలోని బరంపురం శివార్లలో, ఇచ్ఛాపురం వైపు వెళ్లే దారి పక్కనున్న ఈ గ్యారేజీకి మేము అప్పగించిన పని మామూలు లారీ మరమ్మతు కాదు. మా ఊరు పర్లాకిమిడి అగ్నిమాపక కేంద్రంలో ఒకప్పుడు పనిచేసి, తరువాత వేరే ఊళ్లు తిరిగి, చివరికి ఒక పాత ఇనుము కొట్టు ఆవరణలో తుమ్మచెట్ల కింద తుప్పు పట్టిపోతున్న ఫైరింజనును మళ్లీ కదిలేలా, మళ్లీ నీళ్లు చిమ్మేలా చేసి మా ఊరు చేర్చడం ఆ పని. ఆరు నెలలన్నది పదకొండు నెలలైంది కాని, బండి ఇల్లు చేరింది. పనితనం విషయంలో నాకు పూర్తి తృప్తి ఉంది. గడువు, ఖర్చుల లెక్క విషయంలో అంత తృప్తి లేదు. రవాణాకు వాళ్లు సూచించిన వేరొక సంస్థ మీద మాత్రం ఫిర్యాదే ఉంది. పాత వాహనాన్ని ప్రాణంగా చూసుకునేవారు గంజాం, గజపతి జిల్లాల్లో ఇంకా ఉన్నారు కనుక, వారికి పనికివస్తుందని మా అనుభవాన్ని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మా నాన్నగారు ఆ బండికి డ్రైవరు. ఆయనతో కలిసి పనిచేసినవారి పిల్లలం ఏడుగురం డబ్బు పోగుచేసి దాన్ని కొన్నాం. చిన్నప్పుడు ఒడియా పిల్లలు దాన్ని దమకళ అనేవారు, మేము గంటబండి అనేవాళ్లం. చైత్ర వైశాఖాల్లో, వీధి పొడవునా ఒకే వెన్నుదూలం కింద వరసగా కట్టుకున్న గడ్డి ఇళ్లలో ఒకదానికి నిప్పంటుకుంటే, గాలివాటున ఉన్న ఇళ్లన్నీ నిమిషాల్లో అందుకునేవి. అప్పుడు ఆ గంట చప్పుడు వినబడితే చాలు, సామాన్లు బయట పడేస్తున్న ఆడవాళ్లు ఒక్క క్షణం ఆగి దారి వైపు చూసేవారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు ఒరిస్సాలోకి వచ్చింది, మహేంద్రతనయ ఏటికి అవతలి పాతపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండిపోయింది. ఏటికి అటూ ఇటూ చుట్టరికాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అవతలి ఒడ్డున పొగ లేచినప్పుడు మా నాన్నగారు అది ఏ రాష్ట్రమని అడగకుండా బండి తీసినట్టు ఇంట్లో చెప్పుకునేవారు.

బండి గురించి కొంత చెప్పకపోతే గ్యారేజీవారు చేసిన పని ఎంతటిదో అర్థం కాదు. అది బానెట్టు ముందుకు పొడుచుకువచ్చిన టాటా మెర్సిడెస్ బెంజ్ లారీ మీద కట్టిన ఫైరింజను. టాటా సంస్థ 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం కుదుర్చుకుని జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ మొదలుపెట్టింది. 1969లో ఆ ఒప్పందం ముగిసిన తరువాత బళ్ల ముఖాన మెర్సిడెస్ గుర్తైన మూడు కొనల నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది. మా బండి నక్షత్రం కాలంలోది. లోపల ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను, బండి వెనక భాగంలో ఇంజను బలంతోనే తిరిగే సెంట్రిఫ్యూగల్ పంపు, మధ్యలో నీళ్ల ట్యాంకు, రెండు పక్కలా గొట్టాలూ కప్లింగులూ పెట్టుకునే అరలు, పైన చెక్క నిచ్చెన, డ్రైవరు పక్కన తాడుతో లాగి కొట్టే ఇత్తడి గంట. మాకు దొరికేసరికి నిచ్చెన లేదు, గంట లేదు, ముందరి నక్షత్రం లేదు. పంపు ఉంది గాని బిగుసుకుపోయి ఉంది.

పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దవుతుందన్న నియమం వచ్చాక, కార్యాలయాల వెనక షెడ్లలో నిలిచిపోయిన బళ్లెన్నో తుక్కు కింద పోతున్నాయి. మా బండి అంతకు చాలా ముందే వేలంలో పోయింది. కొన్న వ్యాపారి ఏ కారణం చేతనో దాన్ని ముక్కలు చేయకుండా వదిలేశాడు. ఆ మేలు మరచిపోలేనిది.

ఈ గ్యారేజీని ఎంచుకోవడానికి ముందు మేము మరో రెండు చోట్ల అడిగాము. ఒకచోట కొత్త లారీ ఇంజను దింపి బిగిస్తే పది రోజుల్లో నడుస్తుందన్నారు. ఇంకోచోట పాత రేకంతా తీసేసి కొత్త బాడీ కడతామన్నారు. ఇక్కడి మిస్త్రీ గారు బండి చూడడానికి వచ్చిన రోజున గంటసేపు ఏమీ మాట్లాడలేదు. అరల తలుపులు ఒక్కొక్కటే తెరిచి చూశారు, ఛాసిస్ మీద చిన్న సుత్తితో తట్టుకుంటూ ఆ కొస నుంచి ఈ కొసకు నడిచారు, పంపు కింద పడుకుని చూశారు. లేచి చేతులు తుడుచుకుంటూ, “మాస్టారూ, దీన్ని కొత్తగా కనబడేలా చెయ్యమంటారా, అప్పట్లో ఎలా ఉందో అలా చెయ్యమంటారా? మొదటిది తేలిక, ఖర్చూ తక్కువ,” అని అడిగారు. ఆయన ఇంట్లో ఒడియా, గ్యారేజీలో తెలుగు. ఆ ప్రశ్న వేసిన మనిషి చేతిలోనే బండి పెట్టాలని మా ఏడుగురికీ అప్పుడే అనిపించింది.

ఆయన ఏం చేశారన్న దానికంటే ముందు, ఏది ముట్టుకోకుండా వదిలేశారో చెప్పాలి. ఎడమవైపు మూడో అర తలుపు లోపలి పక్కన, మురికి కింద, తెల్ల రంగుతో రాసిన అక్షరాలు బయటపడ్డాయి. రికార్డు పుస్తకాల్లో అన్నీ ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయవలసిన రోజుల్లో, ఎవరూ తనిఖీ చెయ్యని ఆ తలుపు వెనక మా నాన్నగారు తెలుగులో రాసుకున్న మాటలవి: “గొట్టాలు 8. తడి గొట్టం సుట్టకండి. ఆరినాకే సుట్టండి.” చుట్టకండి అని కాదు, సుట్టకండి అనే. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊళ్లో, ఒక డ్రైవరు తన తోటివాళ్లకు తన నోటి భాషలోనే సూచన రాసి పెట్టాడు. అప్పటి గొట్టాలు నారతో నేసినవి. నీళ్లు వదలగానే మొదట కారతాయి. దారాలు తడిసి ఉబ్బి, నేత బిగిశాక కారడం తగ్గుతుంది. తడిగా చుట్టి పెడితే బూజు పట్టి, మళ్లీ వాడినప్పుడు సరిగ్గా నిప్పు ముందరే చిరుగుతాయి. ప్రాణాల మీదికి వచ్చే సంగతి కనుకనే ఆ వాక్యం రెండు విధాలుగా రాశారు.

గ్యారేజీ కుర్రవాడు ఆ తలుపును ఇసుక కాగితంతో రుద్దబోతుంటే మిస్త్రీ గారు ఆపి, నాకు ఫోను చేశారు. నేను వెళ్లేసరికి ఆ ఒక్క తలుపును ఊడదీసి, గుడ్డలో చుట్టి, తన గదిలో బల్ల మీద పెట్టి ఉంచారు. మా నాన్నగారితో పనిచేసిన ఒక విశ్రాంత ఫైర్‌మన్‌ను నేను వెంట తీసుకువెళ్లాను. ఆయన చూపు బాగా మందగించింది. తలుపును వెలుతురు వైపు తిప్పించుకుని, ముఖం దగ్గరగా పెట్టుకుని చదివి, “సెరపకండి బాబూ, అది మీ నాన్నగారి సేతిరాతే,” అన్నారు. ఆ తలుపుకు బయటి పక్క మాత్రమే రంగు వేశారు. లోపలి పక్క సబ్బునీటితో తుడిచి, పైన పలుచగా వార్నిషు పూసి, అలాగే బిగించారు. బిల్లులో దానికి ఒక్క రూపాయి కూడా వేయలేదు.

రంగు విషయంలోనూ ఇంతే జాగ్రత్త చూశాను. ఎరుపంటే ఏదో ఒక ఎరుపు కాదు. భారతీయ ప్రమాణాల రంగుల పట్టికలో 536 ఫైర్ రెడ్, 537 సిగ్నల్ రెడ్, 538 పోస్టాఫీసు రెడ్. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేడా తెలియదు గాని, ఎండలో నిలబెట్టిన పెద్ద బండి మీద బాగానే తెలుస్తుంది. బండి మీద నాలుగు పొరల రంగు ఉంది. అరల మడతబందుల వెనక, ఎండ తగలని చోట, అన్నిటికంటే అడుగు పొరను చిన్న నాణెమంత మేర తెరిచి, దానికి సరిపోయేలా రంగు కలిపించారు. నేటి కార్లకు వేసే మెరుపు రంగు వద్దని, పాత పద్ధతి ఎనామెల్ రంగునే బ్రష్షుతోనూ స్ప్రేతోనూ వేశారు. పాత ఎరుపు రంగుల్లో సీసం ఉంటుంది కనుక పొడిగా రుద్దకుండా తడిపి తీశారు. పంపు గ్లాండులోనూ (షాఫ్టు పక్కనుంచి నీళ్లు బయటికి రాకుండా ఆపే చోటు) బ్రేకు లైనింగుల్లోనూ ఆ కాలపు ఆస్బెస్టాస్ ఉంటుందని, కుర్రవాళ్లకు మాస్కులు పెట్టి, తడిపి, సంచిలో కట్టి తీయించారు. ఇంతటి శ్రద్ధ నేను పెద్ద పెద్ద వర్క్‌షాపుల్లోనూ చూడలేదు.

ముందరి గుర్తు దగ్గర మాత్రం ఒక పొరపాటు జరిగింది. మేము చూడడానికి వెళ్లేసరికి, నక్షత్రం ఉండవలసిన చోట తరువాతి కాలపు టాటా గుర్తు బిగించి ఉంది. అది సులువుగా దొరుకుతుంది, పైగా అందంగానూ ఉంది. అయినా ఈ బండి పుట్టిన కాలానికి అది చెందదు. చెప్పిన వెంటనే వాదించకుండా తీసేశారు. నక్షత్రం దొరికేదాకా ఆ చోటు ఖాళీగానే ఉంచారు. కటక్ నుంచి అది రావడానికి రెండు నెలలు పట్టింది.

ఇంజను పని గురించి క్లుప్తంగా చెబుతాను. ఆ తరం మెర్సిడెస్ డీజిల్ ఇంజన్లలో చల్లగా ఉన్నప్పుడు మంట అందుకోవడానికి హీటరు ప్లగ్గులు ఉంటాయి. అవన్నీ ఒకే తీగ మీద వరసగా కలిపి ఉంటాయి కనుక ఒక్కటి పోయినా అన్నీ చల్లబడిపోతాయి. డ్యాష్‌బోర్డు మీద చిన్న తీగచుట్ట ఎర్రబడితే అన్నీ వేడెక్కినట్టు గుర్తు. మా చిన్నతనంలో తెల్లవారుజామున మా నాన్నగారు ఆ ఎరుపు కోసం చూస్తూ కూర్చునేవారు. ఇక్కడివారు దాన్ని తీసేసి కొత్త తరహా అమరిక పెట్టవచ్చు. అలా చెయ్యలేదు. పాత ప్లగ్గులు వెతికి తెచ్చి, డ్యాష్‌బోర్డు మీది తీగచుట్ట కూడా పనిచేసేలా చేశారు. డీజిల్ పంపు, నాజిళ్లు బయట సరిచేయించారు. పిస్టన్ రింగులు మార్చారు. బ్రేకు గొట్టాలు, రబ్బరు సామాను అంతా కొత్తది వేశారు. మొదటిసారి సెల్ఫ్ కొట్టినప్పుడు నల్లటి పొగ వచ్చి, తరువాత ఇంజను నిలకడగా తిరగసాగింది. గేరు రాడ్డు మీది గుబ్బ పగిలిపోయి ఉంటే ప్లాస్టిక్‌ది పెట్టారు. అది మాకు నచ్చక, ఊరికి వచ్చాక పర్లాకిమిడి కొమ్ముపనివారి చేత పశువుల కొమ్ముతో చేయించుకున్నాము. మా ఊరి కొమ్ముపనికి పేరుంది. ఆ బండికి ఆ ఊరి పనితనం ఒకటైనా ఉండాలనిపించింది.

ఇక పంపు. ఫైరింజనుకు ప్రాణం ఇంజను కాదు, పంపు. దీన్ని బాగుచేయడంలోనే ఈ గ్యారేజీవారి గొప్పతనమూ, ఒక లోపమూ రెండూ బయటపడ్డాయి. సెంట్రిఫ్యూగల్ పంపు నీళ్లను బలంగా తోస్తుంది గాని, గాలిని లాగలేదు. చెరువులోనో నూతిలోనో సక్షన్ గొట్టం, అంటే నీళ్లు పీల్చే గొట్టం, వేసి తిప్పితే, గొట్టంలో గాలి ఉన్నంతసేపు ఊరికే తిరుగుతుంది. కనుక ముందు ఆ గాలిని తీసేయాలి, దాని పనిముట్టే ప్రైమరు. మా బండిలోది ఇంజను పొగతో పనిచేసేది. ఒక మీట తిప్పితే పొగగొట్టం దారి మూసుకుని, పొగ అంతా సన్నని నాజిలు గుండా దూసుకుపోతుంది. ఆ వేగానికి సక్షన్ గొట్టంలోని గాలి వెంట లాక్కుపోబడి, లోపల శూన్యం ఏర్పడుతుంది. అప్పుడు బయటి వాతావరణపు బరువే నీళ్లను పైకి నెడుతుంది. లెక్క ప్రకారం నీళ్లు 10 మీటర్లకు కాస్త పైదాకా లేవాలి గాని, పనిలో 7 మీటర్లు లేస్తే గొప్ప. ఎక్కడైనా ఒక్క వాషరు ఎండిపోయి సన్నని సందు ఉన్నా గాలి దూరి, ఆ మాత్రమూ లేవదు. మహేంద్రతనయ వేసవిలో బాగా కిందికి పోయినప్పుడు ఈ పంపు అందుకోలేక మా నాన్నగారు పడిన ఆందోళన నాకు జ్ఞాపకముంది.

పంపును పూర్తిగా విప్పి చూస్తే లోపల తిరిగి నీళ్లను తోసే రెక్కల చక్రం, ఇంపెల్లరు, బాగానే ఉంది, షాఫ్టు మాత్రం గ్లాండు దగ్గర గీతలు పడి ఉంది. ఎవరో ఎప్పుడో గ్లాండును అతిగా బిగించారని మిస్త్రీ గారు చెప్పారు. షాఫ్టు చుట్టూ నూలు తాడులాంటి ప్యాకింగు చుట్టి నట్లతో నొక్కితే నీళ్లు బయటికి రాకుండా ఆగుతాయి. అయితే పంపు తిరుగుతున్నప్పుడు అక్కడ చుక్క చుక్కగా నీళ్లు కారాలి. ఆ తడి లేకపోతే ప్యాకింగు వేడెక్కి గట్టిపడి షాఫ్టును కోసేస్తుంది. చాలామంది ఆ చుక్కలను లోపమనుకుని నట్లు బిగిస్తారు. ఆయన షాఫ్టుకు లోహం పోయించి, లేత్ మీద తిప్పించి, పాత కొలతకు తెచ్చారు. ప్రైమరు నాజిల్లో పేరుకున్న మసిని ఎంతో ఓపికగా తీశారు. గ్యారేజీలో సక్షన్ మూత బిగించి ప్రైమరు నడిపినప్పుడు, శూన్యం చూపే గేజీ ముల్లు లేచి, ఆపిన తరువాత కూడా నిమిషంపాటు దాదాపు అక్కడే నిలిచింది. అది చూసి నాకు కళ్లు చెమర్చాయి.

లోపం ఏమిటంటే, ఆ పంపును గ్యారేజీలో పది నిమిషాలే నడిపి చూశారు. నిలబడి గంటల తరబడి పనిచేసే ఫైరింజనుకు ఎదురుగాలి అందదు, రేడియేటరు ఒక్కటీ చాలదు. అందుకే పంపు నీటిలో కొంత భాగాన్ని రాగి గొట్టపు చుట్ట గుండా పంపి, ఇంజను నీటిని చల్లార్చే ఏర్పాటు ఉంటుంది. ఆ చుట్టను బయట మెరిసేలా తుడిచారు గాని, లోపల పేరుకున్న మట్టిని చూడలేదు. అది మాకు ఊరికి వచ్చాక తెలిసింది. ఆ సంగతి తరువాత చెబుతాను.

గడువు గురించి. మొదట చెప్పిన ఆరు నెలల్లో నాలుగు నెలలపాటు బండి మీద ఎవరూ చెయ్యి వేయలేదు. రోజూ డబ్బు తెచ్చే లారీల పని ముందు మా బండి వెనకపడింది. అది వారి బతుకు, నేను తప్పుపట్టను. కాని ఆ మాట మాకు ముందే చెప్పి ఉంటే, ప్రతివారం ఫోను చేసి, పది రోజుల్లో అవుతుందన్న సమాధానం విని, పెద్దవాళ్లకు అదే చెప్పి ఆశ పెట్టవలసి వచ్చేది కాదు. మాతో డబ్బు వేసిన ఒక పెద్దాయన బండి రాకముందే పోయారు. ఆ ఆలస్యంలో నాకు మిగిలిన బాధ అది. ఖర్చు మొదటి అంచనా మీద మూడో వంతు పెరిగింది. పెరిగిన ప్రతి పనికీ కారణం ఉంది. అయితే పని చేసిన తరువాత కాదు, చేసే ముందు చెప్పాలి. చివరి బిల్లులో మాత్రం ప్రతి వస్తువుకూ రసీదు జతచేశారు, తీసేసిన పాత సామానంతా గోనెసంచుల్లో కట్టి మాకే ఇచ్చారు.

గంట సంగతి వేరు. పాత ఇత్తడి గంట ఎక్కడా దొరకలేదు. వంగే ఇత్తడి చేపలకు పేరున్న బెలగుంఠలో ఒక పనివారి చేత, మా దగ్గరున్న పాత ఫొటోలో కనబడే ఆకారాన్ని బట్టి పోతపోయించారు. చూడడానికి అచ్చు అలాగే ఉంది. మోత మాత్రం పాతదానికంటే సన్నగా ఉంది. ఫొటోలో గంట మోత కనబడదు కనుక ఇందులో ఎవరినీ తప్పుపట్టలేము.

రవాణా విషయానికి వస్తాను. 2021 జూలైలో కేంద్రం ప్రకటించిన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని వాహనాలను 20,000 రూపాయల రుసుముతో వింటేజ్ వాహనాలుగా పదేళ్లకు నమోదు చేసుకోవచ్చు, నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి. కాని అవి సొంత వాడకపు ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాల కోసం రాసినవి. మా ఫైరింజను వాటిలోకి రాదు. కనుక తన చక్రాల మీద తాను రహదారెక్కే వీలు లేక, లోబెడ్ ట్రైలరు (నేలకు దగ్గరగా ఉండే పొడవాటి బల్ల బండి) మీద రావలసి వచ్చింది. తప్తపాణి, మోహన మీదుగా కొండదారి ఒడిశాలోనే ఉన్నా, ఘాట్‌లో పొడవాటి ట్రైలరు తిరగడం కష్టమని సముద్రతీరపు దారి ఎంచుకున్నాం. అంటే ఒడిశాలో బయలుదేరి, ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రలో ప్రవేశించి, పలాస, టెక్కలి, పాతపట్నం దాటి, మళ్లీ ఒడిశాలోకి రావడం. ఒక రాష్ట్రంలోని రెండు ఊళ్ల మధ్య సామాను పంపడానికి రెండుసార్లు సరిహద్దు దాటాలి. గ్యారేజీవారు కొనుగోలు పత్రాలు, మరమ్మతు బిల్లులు, ఇది అమ్మకానికి పోయే సరుకు కాదన్న ఉత్తరం, అన్నీ మూడేసి ప్రతులు తయారుచేసి ఇచ్చారు. దారిలో ఎక్కడా పావుగంటకు మించి ఆగలేదు. ఈ విషయంలో వారి అనుభవం మాకు చాలా ఉపకరించింది.

వారు సూచించిన ట్రైలరు సంస్థ మాత్రం మాకు నష్టమే చేసింది. బండిని గొలుసులతో ఛాసిస్‌కు కట్టాలని మిస్త్రీ గారు స్వయంగా చూపించి చెప్పినా, దారిలో ఎక్కడో వదులైందని, డ్రైవరు ఒక పట్టీని ఎడమ మడ్‌గార్డు మీదుగా వేసి లాగి బిగించాడు. నూరు కిలోమీటర్లకు పైగా ఆ పట్టీ కొత్త రంగును రాపాడి, రేకు కనబడేదాకా తినేసింది. అడిగితే, పాత బండే కదా అన్నారు. ఇప్పటికీ ఆ సంస్థ నుంచి ఒక్క రూపాయి రాలేదు. గ్యారేజీవారే ఒక కుర్రవాణ్ణి పంపి ఆ చోట రంగు మళ్లీ వేయించారు. ఎవరైనా ఇలా వాహనం పంపదలచుకుంటే, ట్రైలరు వెంట మీ మనిషిని ఒకరిని తప్పక పంపండి.

ఏప్రిల్ 14న బండి ఊరు చేరింది. కావాలనే ఆ రోజు పెట్టుకున్నాము. 1944లో అదే తేదీన బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. దేశమంతటా వారి జ్ఞాపకంగా ఆ రోజు నుంచి వారంపాటు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. ఒడియావారికి అదే పణా సంక్రాంతి. పాతపట్నం దాటి మహేంద్రతనయ వంతెన దగ్గరికి వచ్చేసరికి, మారేడు పండు గుజ్జు, బెల్లం కలిపిన పణా గిన్నెలతో జనం నిలబడి ఉన్నారు. మాతో బరంపురం వచ్చిన విశ్రాంత ఫైర్‌మన్‌ను ఇద్దరం పట్టుకుని బండి ఎక్కించి కూర్చోబెట్టాము. “గంట నాను కొడతాను, ఇంకెవులూ ముట్టకండి,” అన్నారు. మొదటి దెబ్బ విని ఒక్క క్షణం ఆగి, “గొంతు మారింది,” అని, మళ్లీ కొట్టసాగారు. వంతెన ఇవతలి నుంచి మా వీధి మలుపు దాకా ఆయన ఆపలేదు.

మర్నాడు ఏటి ఒడ్డున ఒక తెలిసినవారి తోటలో పంపు నడిపాము. సక్షన్ గొట్టం ఏట్లో వేసి ప్రైమరు మీట తిప్పగానే, గేజీ ముల్లు కదిలి, గొట్టం బరువెక్కి ఒక్కసారి ఊగి, నీళ్లు అందాయి. బ్రాంచి, అంటే గొట్టం కొసన నీళ్లు చిమ్మే లోహపు మూతి, పట్టుకున్న ఇద్దరు కుర్రవాళ్లు వెనక్కి తూలారు. ధార మామిడిచెట్ల మీదుగా పోయింది. సరిగ్గా పాతిక నిమిషాలకు ఇంజను వేడి ముల్లు ఎర్ర గీత వైపు పోవడం మొదలైంది. వెంటనే ఆపేశాము. నేను పైన చెప్పిన రాగి చుట్టలోని మట్టే కారణం. ఫోను చేసిన నాలుగో రోజున మిస్త్రీ గారే స్వయంగా వచ్చి, ఆ చుట్టను ఊడదీసి, నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లు పోసి శుభ్రం చేశారు. “ఇది నేను చూడవలసింది, చూడలేదు, మాస్టారూ,” అన్నారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. తరువాత గంటంబావు పాటు ఆగకుండా నడిపినా ముల్లు కదలలేదు.

నేను ఈ గ్యారేజీకి అయిదులో నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. తగ్గించిన ఒకటి ఆలస్యానికి. అక్కడికి వెళ్లేవారు గడువును కాగితం మీద రాయించుకోవాలి, పెరిగే ఖర్చు ముందే చెప్పాలని షరతు పెట్టుకోవాలి, పంపు గాని ఇంజను గాని కనీసం గంటసేపు నడిపించి చూసుకోకుండా బండి తెచ్చుకోకూడదు. ఆ మూడూ జాగ్రత్తగా చూసుకుంటే, పాత బండిని ఇంతకంటే మంచి చేతుల్లో పెట్టగలరని నేను అనుకోను.

రెండు నెలల తరువాత, మాట ఇచ్చిన ప్రకారం, గ్యారేజీ నుంచి ఒక కుర్రవాడు ఉచిత తనిఖీకి వచ్చాడు. పంపు నడిపి చూపించాము. గ్లాండు దగ్గర నీళ్లు కారుతున్నాయని మా వాళ్లలో ఒకరు స్పానరు అందించారు. కుర్రవాడు దాన్ని పక్కన పెట్టి, చుక్కలు ఎంతెంత సేపటికి ఒకటి పడుతున్నాయో కొంతసేపు కూర్చుని చూశాడు. సరిగ్గానే ఉందన్నాడు. గొట్టాలు ఆరాక తానే చుట్టి, మూడో అరలో పెట్టి, తలుపు వేసి వెళ్లాడు.